కారు యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ ఎప్పుడూ ఉంచేయొచ్చా?

కొత్తస్టీరింగ్:
అందరికీ నమస్కారం. వాడిన కారు ఒకటి తీసుకున్నాను. స్క్రీన్ కింద రెండు యూఎస్‌బీ పోర్టులు, పక్కనే ఎస్‌డీ కార్డు స్లాటు ఉన్నాయి. 128 జీబీ పెన్‌డ్రైవ్ నిండా పాటలు ఎక్కించి పెడితే ఒక పోర్టులో అసలు చలనమే లేదు. రెండో దాంట్లో పెడితే పరికరాన్ని గుర్తించలేకపోయానని చూపిస్తోంది. అదే పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్‌లో చక్కగా తెరుచుకుంటోంది. మా బావేమో పెన్‌డ్రైవ్‌లూ కార్డులూ కారులో వదిలేస్తే సిస్టమే పాడవుతుంది, ఫోన్ కలుపుకో చాలు అంటున్నాడు. నాకు బండి స్టార్ట్ చెయ్యగానే పాట రావాలి. ఎవరి మాట వినమంటారు?

ఫ్యూజుపెట్టె:
పద్నాలుగేళ్లుగా కార్ల స్టీరియోలు, వైరింగే నా పని.

చలనం లేని పోర్టు చార్జింగ్‌కి మాత్రమే అయ్యుంటుంది. అలాంటి పోర్టుకి కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు స్క్రీన్ దాకా రావు. డేటా పోర్టు పక్కన సాధారణంగా మూడు కొమ్మల గుర్తు గానీ సంగీతం గుర్తు గానీ ఉంటుంది. ఒకసారి టార్చి వేసి చూడండి.

రెండో పోర్టు బాగానే ఉంది. తేడా పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌లో, అంటే అందులో ఫైళ్లను అమర్చే పద్ధతిలో ఉంది. మీది ఎక్స్‌ఫ్యాట్ అయ్యుండాలి. మైక్రోసాఫ్ట్ దాన్ని 2006లో తెచ్చినా పూర్తి వివరాలు అందరికీ ఇచ్చింది 2019లోనే. అంతవరకూ స్టీరియో తయారుచేసేవాళ్లు లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. అందుకే పాత యూనిట్లలో చాలా వాటికి ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ ఒక్కటే తెలుసు. 32 జీబీది ఒకటి తీసుకుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి పెట్టండి, పాడుతుంది.

ఇక ఉంచేయడం సంగతి: వద్దు. దిగేటప్పుడు తీసి జేబులో వేసుకోండి.

రాత్రిప్రయాణం:
చివరి మాటతో ఏకీభవించను. నా పెన్‌డ్రైవ్ ఆరేళ్లుగా పోర్టులోనే ఉంది. ఒక్క పాట కూడా చెడలేదు, సిస్టమ్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. ప్రతిసారీ తీసి పెడుతుంటే పోర్టు వదులైపోతుంది, అదే అసలు నష్టం. గతుకుల రోడ్డు మీద పాట ఆగిపోతూ మళ్లీ మొదటినుంచి వస్తోందని చెప్పేవాళ్లలో చాలామందిది వదులైన పోర్టే.

ఫోన్ మేలన్న మాట కూడా సరికాదు. బ్లూటూత్‌లో పంపేటప్పుడు ఫోన్ ఆ ఎంపీ3ని విప్పి, మళ్లీ వేరే రకంగా కుదించి పంపుతుంది. మామూలుగా వాడే ఎస్‌బీసీ పద్ధతిలో అది సాధారణంగా సెకనుకి 328 కిలోబిట్ల దగ్గర ఆగిపోతుంది. ఒకసారి కుదించినదాన్ని రెండోసారి కుదించడం అన్నమాట. పెన్‌డ్రైవ్ అయితే ఫైలు ఉన్నది ఉన్నట్టుగా స్టీరియోకి వెళుతుంది.

పల్లవి_చరణం:
కొత్తస్టీరింగ్ గారూ, ఫైళ్ల పేర్లు తెలుగు అక్షరాల్లో ఉంటే కొన్ని స్క్రీన్లలో డబ్బాలు కనిపిస్తాయి, ఆ ఫాంటు వాటిలో ఉండదు. పేర్లకు ముందు 001, 002 అని అంకెలు పెట్టి, అదే వరుసలో కాపీ చెయ్యండి. కొన్ని యూనిట్లు పేరు చూడవు, ఏది ముందు కాపీ అయితే దాన్నే ముందు పాడతాయి.

ఫోనుపక్షం:
బ్లూటూత్ ఎందుకు, కేబుల్ పెట్టుకోండి. ఫోన్‌లోవి కారు స్క్రీన్ మీద చూపించే కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఆటో 2015లో వచ్చాయి. దారి చూపించేది, పాట పాడేది, కాల్ ఎత్తేది అంతా ఒకటే. పెన్‌డ్రైవ్ గోల ఇంకా ఎందుకో నాకు అర్థం కాదు.

రాత్రిప్రయాణం:
సిగ్నల్ లేని ఘాట్ రోడ్డులో రాత్రి రెండింటికి బండి నడిపితే అర్థమవుతుంది.

ఫ్యూజుపెట్టె:
రాత్రిప్రయాణం గారూ, మీకు ఆరేళ్లు ఏమీ కాలేదంటే సంతోషమే. కానీ ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు పైభాగం గంటలోపే 70 డిగ్రీల దగ్గరికి వెళుతుంది. పోర్టు దానికి కింద ఉంటుంది కాబట్టి కొంచెం తక్కువ. మంచి ఎస్‌డీ కార్డులు 85 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయని తయారీదారులు రాస్తారు, చాలా పెన్‌డ్రైవ్‌లకు 60 లోపే. ఈ చిప్పుల్లో సమాచారం ఉండేది విద్యుదావేశం రూపంలో. వేడి ఎక్కువైన కొద్దీ ఆ ఆవేశం త్వరగా కారిపోతుంది. ఒక రోజులో పోదు, ఏళ్ల మీద పోతుంది. బాగున్నన్నాళ్లూ బాగుంటుంది, ఒకరోజు ఏ హెచ్చరికా లేకుండా ఖాళీ అని చూపిస్తుంది. అలాంటివి నా బల్ల మీదికి ఎన్ని వచ్చాయో లెక్కలేదు.

సిస్టమ్ పాడవుతుందన్న బావగారి మాట మాత్రం తప్పు. కారు పెన్‌డ్రైవ్‌ని చదువుతుందంతే. చదివినంత మాత్రాన అటూ ఇటూ ఏదీ అరగదు. రాస్తూ పోతేనే అరుగుతుంది. టెస్లా 2021లో దాదాపు 1.35 లక్షల కార్లను వెనక్కి పిలిచింది అందుకే. పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్ల స్క్రీన్ లోపలి 8 జీబీ మెమరీ చిప్పు రాసీ రాసీ అరిగిపోయింది. పెన్‌డ్రైవ్‌కి అక్కడ ఏ సంబంధమూ లేదు.

తాళంచెవి:
అయినా ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ మాత్రం పెట్టకండి. 2015లో ఇద్దరు పరిశోధకులు జీప్ కారును మొబైల్ నెట్‌వర్క్ మీదుగానే లొంగదీసి చూపించారు. ఫియట్ క్రైస్లర్ 14 లక్షల బండ్లను రీకాల్ చేసి, సరిచేసిన సాఫ్ట్‌వేర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి యజమానులకు పోస్టులో పంపింది. భద్రతా నిపుణులు దాన్నే తప్పుపట్టారు. పోస్టులో వచ్చిన పెన్‌డ్రైవ్‌ని కారులో పెట్టడం జనానికి అలవాటు చేస్తే, రేపు దొంగ కూడా ఒకటి పంపుతాడు కదా.

రాత్రిప్రయాణం:
ఫ్యూజుపెట్టె గారు 32 జీబీది తీసుకోమన్నారు. 32 దాటితే ఫ్యాట్32 రాదన్నట్టుగా రాశారు. నా దగ్గరున్నది 64 జీబీ, ఫ్యాట్32. ఆరేళ్లుగా పాడుతోంది. ఇంత చిన్న విషయమే తప్పు చెబితే మిగతాది ఎలా నమ్మాలి?

ఫ్యూజుపెట్టె:
రాదని నేను అనలేదు, మళ్లీ చదవండి. విండోస్‌లో ఫార్మాట్ అని నొక్కితే వచ్చే పెట్టె ఏళ్ల తరబడి 32 జీబీ దాకానే ఫ్యాట్32 ఇచ్చేది. ఫ్యాట్32కి సొంతంగా ఆ పరిమితి లేదు, 2 టీబీ దాకా వెళుతుంది. అడిగినాయన కొత్తవాడు, వేరే సాఫ్ట్‌వేర్ దించుకునే శ్రమ లేకుండా 32 అన్నాను.

రాత్రిప్రయాణం:
ఆ మాట మొదటే రాసుంటే సరిపోయేది. "32 జీబీది ఒకటి తీసుకుని" అని రాశారు. చదివినవాళ్లు ఏమనుకుంటారు?

ఫ్యూజుపెట్టె:
పాట పాడుతుందని అనుకుంటారు. అడిగింది అదే.

కొత్తస్టీరింగ్:
అన్నా, గొడవ వద్దు. టార్చి వేసి చూశాను, నిజంగానే ఒకదాని పక్కన బ్యాటరీ గుర్తు ఉంది. 16 జీబీ పాత పెన్‌డ్రైవ్ ఒకటి దొరికితే ఫ్యాట్32 చేసి రెండో పోర్టులో పెట్టాను. పాడుతోంది! ఇద్దరికీ ధన్యవాదాలు.

రాత్రిప్రయాణం:
సంతోషం తమ్ముడూ. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. వర్క్‌షాపుల్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: కార్డు తీసేసుకోండి, పెన్‌డ్రైవ్ తీసేసుకోండి, ఉంచితే మాకు బాధ్యత లేదు. వేడి, ఆవేశం అని ఇన్ని కారణాలు చెప్పడం దేనికి? తమ మీదికి రాకూడదని, అంతే కదా?

ఫ్యూజుపెట్టె:
అవును, మా మీదికి రాకూడదనే. అందులో దాచేదేముంది? ఒకాయన బండి ఇచ్చి, స్పీకరు ఒకటి పలకడం లేదన్నారు. తలుపు ప్యానెల్ విప్పి తీగ అతికించి ఇచ్చాను, స్క్రీన్ జోలికే పోలేదు. మూడు రోజుల తర్వాత వచ్చి కార్డులో పెళ్లి వీడియో పోయిందని అందరి ముందూ నిలబెట్టి అడిగారు. నేను ముట్టుకోలేదని ఎంత చెప్పినా వినలేదు. ఆ నెల జీతంలో కోత పడింది. డబ్బు పోతే పోయింది, దొంగని చూసినట్టు చూశారే, అది ఇప్పటికీ మర్చిపోలేను. ఆ రోజు నుంచి బండి తాళం తీసుకునే ముందే కార్డులు తీసి చేతికిచ్చేస్తాను. పెళ్లి వీడియో ఉన్న ఒక్కగానొక్క కార్డుని ఎవరైనా కారులో పెడతారా? కారులో పెట్టేది నకలే అయ్యుండాలి, పోయినా మళ్లీ ఎక్కించుకునేదై ఉండాలి. పోతే ఏడ్చే వస్తువుని అందులో వదిలేసి, పోయాక కనిపించినవాడి గొంతు పట్టుకుంటే ఎలా?

రాత్రిప్రయాణం:
నకలు తీసుకోవడం అందరికీ తెలిసి ఉండదు. మా అమ్మకి తెలియదు. నాకూ అప్పుడు తెలియదు.

పాత బండిలో ఎస్‌డీ స్లాటులో నాదొక కార్డు ఉండేది. అమ్మ వంటింట్లో పాడుకునే పాటల్ని మా చెల్లి ఫోన్లో రికార్డు చేసి, ఎంపీ3లు చేసి ఇచ్చింది. నలభై దాకా ఉంటాయి. చెల్లి ఫోన్ తర్వాత నీళ్లలో పడి పోయింది. అమ్మ పోయాక మిగిలింది ఆ కార్డే. రాత్రుళ్లు బండి నడిపేటప్పుడు వినేవాణ్ణి, ఇంట్లో వినలేకపోయేవాణ్ణి.

స్క్రీన్ హ్యాంగ్ అవుతోందని ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. అప్‌డేట్ వెయ్యాలంటే ఖాళీ కార్డు కావాలట. చేతికి అందిందని నా కార్డే తీసి, ఫార్మాట్ కొట్టి, అప్‌డేట్ అందులో ఎక్కించి వాడారు. అడిగితే "కార్డు ఉంచొద్దని బోర్డు పెట్టాం కదండీ" అన్నారు. నిజంగానే బోర్డు ఉంది. నేను తిరిగి ఒక్క మాట అనలేకపోయాను.

మీరు మీది కాని తప్పుకి మాట పడ్డారు, నాకది అర్థమైంది. కానీ "ఉంచొద్దని చెప్పాం" అనే మాట వినగానే నాకు ఆ బోర్డే కనిపిస్తుంది. ఉంచినవాడిదే తప్పు అంటే, తీసి తుడిచేసినవాడిది ఏమిటి?

పల్లవి_చరణం:
అన్నా...

ఫోనుపక్షం:
క్షమించండి. గోల అన్నందుకు.

ఫ్యూజుపెట్టె:
తుడిచినవాడిదే తప్పు. అందులో ఇంకో మాట లేదు. వేరేవాళ్ల కార్డు ఫార్మాట్ చెయ్యడం మా పనిలో ఎవరూ చెయ్యకూడనిది. బోర్డు పెట్టినంత మాత్రాన అది ఒప్పు కాదు. నేను మీరు చెప్పేది వినకుండా నా గొడవే చెప్పుకుంటూ పోయాను.

ఒకటి అడుగుతాను. ఆ కార్డు ఇప్పుడు ఎక్కడుంది?

రాత్రిప్రయాణం:
సొరుగులో. దాన్ని మళ్లీ వాడలేదు. పారెయ్యనూ లేదు. మూడేళ్లయింది.

ఫ్యూజుపెట్టె:
ఎన్ని జీబీ? అప్‌డేట్ తర్వాత అందులో ఎవరైనా ఏమైనా ఎక్కించారా? అమ్మగారి పాటలు కార్డులో ముందు ఎక్కించారా, చివర్నా?

రాత్రిప్రయాణం:
16 జీబీ. ఎవరూ ఏమీ ఎక్కించలేదు. సినిమా పాటలు ముందు నుంచీ దాదాపు సగం దాకా ఉండేవి, అమ్మవి చివర్న వేశాం. ఎందుకు?

ఫ్యూజుపెట్టె:
ఇందాక మనం కొట్లాడుకున్న ఫ్యాట్32 ఇక్కడ పనికొస్తుంది. విండోస్‌లో మామూలుగా చేసే క్విక్ ఫార్మాట్ ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను తుడుస్తుంది, ఫైళ్లను కాదు. వాటి చోట కొత్తది రాసినప్పుడే అవి నిజంగా పోతాయి. అప్‌డేట్ అంటే ఎంతుంటుంది, ఒకటి రెండు జీబీ. ఖాళీ చేసిన కార్డు మీద అది సాధారణంగా మొదటి నుంచే రాసుకుంటూ వస్తుంది. అంటే ఆ దెబ్బ పడింది ఎక్కువగా మీ సినిమా పాటల మీద. వెనక సగం అలాగే ఉండే అవకాశం ఉంది. వాళ్లు పూర్తి ఫార్మాట్ పెట్టి ఉంటే ఆశ లేదు. దొరుకుతాయని మాటివ్వను, ఎండలో ఏళ్లు ఉన్న కార్డు కూడా అది. కానీ చూడకుండా వదిలెయ్యొద్దు.

కార్డు పక్కన చిన్న తాళం మీట ఉంటుంది, దాన్ని లాక్ వైపు జరపండి. కారులో మాత్రం పెట్టొద్దు. కంప్యూటర్‌లో పెట్టినప్పుడు ఫార్మాట్ చెయ్యాలా అని అడిగితే వద్దనండి. ముందు కార్డు మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా ఒకే ఇమేజ్ ఫైలుగా కంప్యూటర్‌లోకి తీసుకోవాలి, వెతికేది ఆ నకలులోనే. ఫోటోరెక్ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పేరు ఫోటోలదే గానీ ఎంపీ3లను కూడా పడుతుంది. అయితే ఫైళ్ల పేర్లు రావు, వరుస కూడా రాదు. వందల ఫైళ్లలో మీరే ఒక్కొక్కటి విని ఏరుకోవాలి.

రాత్రిప్రయాణం:
పేర్లు అక్కర్లేదండీ. గొంతు వింటే తెలుస్తుంది.

తాళంచెవి:
ఇమేజ్ తీసే పని నేను చేస్తుంటాను. ఏ ఆపరేటింగ్ సిస్టమో చెబితే ఏం నొక్కాలో వరుసగా రాసి పెడతాను. తొందరపడి దేనికీ 'సరే' కొట్టకండి.

కొత్తస్టీరింగ్:
నేను ఆ 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో ముందు ఏమున్నాయో చూడకుండానే ఫార్మాట్ చేశాను. ఇప్పుడు గుర్తొచ్చింది. పాత ఫోన్ ఫోటోలు అనుకుంటా. బయటికి తీసేశాను, దాన్ని కూడా ఏమీ ముట్టుకోకుండా ఉంచితే చాలా?

ఫ్యూజుపెట్టె:
చాలు. పాటలు ఎక్కించినంత మేర పోయుంటాయి, మిగతాది చూద్దాం. ముందు ఆయనది కానివ్వండి.

రాత్రిప్రయాణం:
విండోస్. సొరుగు తీశాను, కార్డు ఉంది. తాళం జరిపాను. చెప్పండి.