ఉంగరంలో రాయి చుట్టూ పట్టీకి 999 వెండా, 925 వెండా?

కొత్తసుత్తి:
చంద్రకాంత మణితో రోజూ పెట్టుకునే ఉంగరం చేస్తున్నాను. ఇది నా నాలుగో ఉంగరం. రాయిని పట్టుకునే బెజెల్ పట్టీని కూడా 925 (నూటికి 92.5 పాళ్లు వెండి) రేకుతోనే చేశాను. టంకం చక్కగా పట్టింది. కానీ రాయి పెట్టి అంచు మూస్తుంటే పట్టీ లొంగలేదు. నొక్కితే వంగుతుంది, చెయ్యి తీయగానే మళ్లీ లేస్తుంది. ఇంకా గట్టిగా నొక్కేసరికి పుషర్ (అంచును నొక్కే పనిముట్టు) జారి రాయి అంచున చిన్న పెచ్చు లేచింది. నాకు చాలా బాధేసింది. పట్టీకి 999 (దాదాపు శుద్ధ వెండి) తప్ప ఏదీ వాడొద్దని కొందరు, రోజువారీ ఉంగరంలో 999 నిలవదని కొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

వెలిగారం:
నిస్సందేహంగా 999. 925లో వెండి కాక మిగిలిన ఏడున్నర పాళ్లు సాధారణంగా రాగే. ఆ రాగి వల్లే గట్టిదనం, వెనక్కి లేచే గుణం. వేడి చేసినప్పుడు ఉపరితలం కిందికి దిగే బూడిదరంగు మరక కూడా దానివల్లే. ఉంగరం కమ్మీ మీద ఆ మరకను ఆకురాయితో తీసేయొచ్చు. 0.3 మిల్లీమీటర్ల పట్టీ మీద ఎంతని అరగదీస్తారు? పైగా శుద్ధ వెండి కరిగేది 962 డిగ్రీల దగ్గర. 925 ఇంచుమించు 800 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. సన్నని పట్టీకి టంకం పెట్టేటప్పుడు ఆ తేడా ప్రాణం కాపాడుతుంది.

పాతపటకారు:
వెలిగారం గారూ, కరిగే ఉష్ణోగ్రత గురించి మీరన్నది నిజమే. కానీ నా దగ్గరికి బాగుచేయమని వచ్చే ఉంగరాల్లో 999 పట్టీ అరిగిపోయి రాయి కదులుతున్నవి ఎన్నో చూశాను. చెవిపోగులకైతే నేనూ 999 వాడతాను. వేలికుండేది రోజంతా తలుపులకు, బల్లలకు తగులుతూనే ఉంటుంది.

కొత్తసుత్తి గారూ, ఒకటి చెప్పండి. టంకం వేడికి పట్టీ మెత్తబడి ఉండాలి. మరి ఎందుకు లొంగలేదు? టంకానికీ, రాయి పెట్టడానికీ మధ్య ఏం చేశారు?

కొత్తసుత్తి:
ఇటుక మీదే దానంతట అది చల్లారనిచ్చాను. తర్వాత మెరుగు కోసం స్టీల్ గుళ్లున్న టంబ్లర్‌లో రెండు గంటలు తిప్పాను. రేకు మందం 0.5 మిల్లీమీటర్లు.

పాతపటకారు:
అదీ సంగతి. స్టీల్ గుళ్లు మెరుగు పెట్టడమే కాదు, కొట్టి కొట్టి వెండిని గట్టిపరుస్తాయి కూడా. 925 మెల్లగా చల్లారితే నీళ్లలో ముంచినదాని కంటే గట్టిగానే ఉంటుంది. దానికి తోడు 0.5 మందం! తప్పు 925ది కాదండి. 0.4 రేకు తీసుకుని, అంచును బయటివైపు నుంచి ఆకురాయితో పలచబరచండి. మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, ఆ ఎరుపు పోగానే నీళ్లలో ముంచండి. మెరుగు రాయి పెట్టాకే, అదీ చేత్తో.

వెలిగారం:
మీ చేతికి అది సులువు. నాలుగో ఉంగరం చేస్తున్నవారికి ఆ అంచు ఎక్కడ ఎంత పలచబడిందో ఎలా తెలుస్తుంది? చంద్రకాంతం రెండు దిక్కుల్లో తేలిగ్గా చీలే రాయి, కాఠిన్యం పదికి ఆరు, ఆరున్నర. ఒత్తిడి ఎంత తగ్గితే అంత మేలు. పట్టీ అరిగితే మళ్లీ చేసుకోవచ్చు, రాయి చీలితే అతకదు. నీలమైతే, కాఠిన్యం తొమ్మిది కాబట్టి, నేనింతగా వాదించేవాణ్ని కాదు.

రాతిసాన:
నేను రాళ్లు సానబట్టేవాణ్ని. లోహం సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. నాకు కనబడే విరుగుళ్లలో చాలావాటికి కారణం పట్టీ కాదు, కింది మూల. లోపల టంకం పేరుకుని, రాయి అడుగు దాని మీద ఎక్కి కూర్చుంటుంది. పైనుంచి నొక్కగానే పుటుక్కుమంటుంది. అందుకే రాయి అడుగు అంచును కాస్త ఏటవాలుగా సానబట్టాలి. నొక్కేటప్పుడు కూడా ఒకవైపు నుంచి చుట్టుకుంటూ రావద్దు. ఎదురెదురుగా నాలుగు చోట్ల పట్టించి, ఆ తర్వాత మధ్యలో ఉన్నవి మూయండి. పెచ్చు చిన్నదే అంటున్నారు కదా, కొత్త పట్టీ ఎలాగూ చేస్తారు కాబట్టి రాయిని చుట్టూ కొంచెం తగ్గిస్తే అది పోతుంది.

కొత్తసుత్తి:
అందరికీ చాలా థాంక్స్. ఈ రాయికి 0.3 మందం 999 పట్టీ చేస్తాను. తర్వాతిది గోమేధికం, దానికి పాతపటకారు గారు చెప్పినట్టు 925. ఒక్క అనుమానం. ఇప్పుడు రాయి సగం బిగుసుకుని ఉంది. పట్టీని కొద్దిగా వేడి చేసి మెత్తబరిచి తీయొచ్చా?

పాతపటకారు:
వద్దు వద్దు! రాయి లోపలుండగా మంట దగ్గరికి పోనివ్వకండి, పగులుతుంది. అడుగున రంధ్రం ఉంటే వెనకనుంచి చెక్కపుల్లతో మెల్లగా తోయండి. లేదంటే పట్టీని కోసేయండి. ఎలాగూ అది పనికిరాదు.

వెలిగారం:
ఈ ఒక్క విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నాను. కోసేటప్పుడు రంపం రాయికి తగలకుండా మధ్యలో సన్నని రాగిరేకు ముక్క దూర్చండి.