ఆస్ట్రేలియా మాగ్నెటిక్ గ్రిడ్‌లో స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత, ఇది ఫాల్టేనా?

రాయిపిచ్చి:
అందరికీ నమస్తే. ఆస్ట్రేలియా ప్రభుత్వ భూగర్భ సంస్థ జియోసైన్స్ ఆస్ట్రేలియా వాళ్ళ దేశం మొత్తం మాగ్నెటిక్ గ్రిడ్ (ఎక్కడ అయస్కాంత క్షేత్రం ఎంతుందో గళ్ళుగా చూపే మ్యాపు) డౌన్‌లోడ్ చేశా, సెల్ సైజు, అంటే ఒక్కో గడి, సుమారు 80 మీటర్లు, ఫ్రీగానే ఇస్తున్నారు. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వేసి హిల్‌షేడ్ (పక్క నుంచి వెలుగు పడ్డట్టు నీడలు) కొట్టి చూస్తే ఎడారి మధ్యలో తూర్పు పడమరగా ఒక గీత, దానికి ఉత్తరాన అంతా గరుగ్గా ఉంది, దక్షిణాన ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది. పెద్ద ఫాల్టు (రాళ్ళు విరిగి పక్కకి జరిగిన చోటు) దొరికిందని గైడ్‌కి మెయిల్ కూడా టైప్ చేశా, ఇంకా పంపలేదు. ఎవరైనా చూసి చెప్పండి ప్లీజ్

గ్రిడ్‌గోల:
పంపకు తమ్ముడూ పంపకు, హహ. అది బొంత. పైకి ఒకే గుడ్డలా కనిపిస్తది గానీ ఏళ్ళ తరబడి వేర్వేరు విమానాలు, వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు లైన్ గ్యాపుతో ఎగిరిన సర్వేలన్నీ కలిపి కుట్టింది. ఒక పక్క 400 మీటర్లకో లైను, పక్కనే పాత సర్వే అయితే కిలోమీటరు పైనే గ్యాపు. 80 మీటర్ల సెల్ అన్నారు కదా అని ప్రతి 80 మీటర్లకీ కొలిచారనుకుంటే ఎలా, లైనుకీ లైనుకీ మధ్య ఉన్నదంతా సాఫ్ట్‌వేర్ నింపిందే. మామూలుగా లైన్ గ్యాపులో నాలుగో వంతో ఐదో వంతో సెల్ పెడతారు, 400కి 80 అలా వచ్చింది. నీ నున్నటి సైడు రాళ్ళు నున్నగా లేవు, అక్కడ డేటా పల్చగా ఉంది అంతే

పాతసర్వేయర్:
గ్రిడ్‌గోల గారు చెప్పింది కరెక్టేనండి. నేనొకటి కలుపుతా. సన్నటి డైకు (పగుల్లోకి కరిగిన రాయి దూరి గట్టిపడ్డ గోడలాంటిది) ఫ్లైట్ లైన్లకి ఏటవాలుగా పోతుంటే గ్రిడ్‌లో అది గీతలా రాదు, పూసలదండలా వస్తుంది. ప్రతి పూసా విమానం దాని మీదుగా దాటిన చోటు. నేను కొత్తలో ఆ పూసలు ఒక్కొక్కటీ వేరే ఇంట్రూజన్ (కింద నుంచి చొచ్చుకొచ్చిన రాతి ముద్ద) అని పదకొండు వృత్తాలు గీసి మీటింగ్‌లో చూపించా, ఆ నవ్వులు ఇప్పటికీ గుర్తున్నాయి.

మట్టివాసన:
రేడియోమెట్రిక్స్ (నేల నుంచి వచ్చే గామా కిరణాలు విమానం నుంచి కొలవడం) సంగతి కూడా ఇంతే కానీ అక్కడ ఒక మంచి పని చేశారు. 2007లో ఆవాగ్స్ అని దేశమంతా ఉత్తరం దక్షిణంగా 75 కిలోమీటర్లకో లైను చొప్పున ఒకే సర్వే ఎగిరారు, దాన్ని కొలబద్దలా పెట్టుకుని పాత సర్వేలన్నిటినీ ఒకే లెవెల్‌కి తెచ్చారు, ఆ తర్వాతే 2009లో దేశం మొత్తానికి ఒకే రేడియోమెట్రిక్ మ్యాప్ వచ్చింది. పొటాషియం ఎరుపు, థోరియం ఆకుపచ్చ, యురేనియం నీలం పెట్టి చూడండి, భలే ఉంటది. కాకపోతే గామా కిరణాలు పైన 30, 40 సెంటీమీటర్ల మట్టి నుంచే వస్తాయి కాబట్టి ఇసుక కప్పేసిన చోట కింద రాయి గురించి అదేం చెప్పదు

రాయిపిచ్చి:
అయ్యో. అందరికీ థ్యాంక్స్. అయితే గ్రావిటీ కూడా పక్కన పెట్టి చూద్దామని ప్రపంచం మొత్తానికి ఉన్న గ్రావిటీ మోడల్ ఈజీఎం2008తో పోలిస్తే వీళ్ళ గ్రిడ్‌లో విలువలు పది రెట్లు ఎక్కువ వస్తున్నాయి, ఇదేంటి మళ్ళీ

గ్రిడ్‌గోల:
యూనిట్లు చూడు బాబూ. అక్కడ మిల్లీగాల్ (గ్రావిటీకి మామూలుగా వాడే యూనిట్) కాదు, మైక్రోమీటర్ పర్ సెకండ్ స్క్వేర్డ్. 1 మిల్లీగాల్ అంటే 10 అవి. నేను ఒక వారం బూగే డెన్సిటీ (గ్రావిటీ లెక్కలో రాయికి పెట్టే సాంద్రత) తప్పేమో అని 2.67 మార్చి మార్చి చచ్చాను, తీరా చూస్తే ఇది

పాతసర్వేయర్:
ఇంకోటి, మీరు వేసింది టీఎంఐ (మొత్తం అయస్కాంత తీవ్రత) గ్రిడ్ అయితే అనామలీ, అంటే రాయి వల్ల విలువలో వచ్చే తేడా, సరిగ్గా రాయి నెత్తిన ఉండదు. దక్షిణార్ధగోళంలో మామూలుగా ఎక్కువ విలువ ఉత్తరానికి జరుగుతుంది, తక్కువది దక్షిణాన. రిడక్షన్ టు పోల్ (అనామలీని రాయి నెత్తిమీదకి తెచ్చే లెక్క) చేద్దామంటే డార్విన్ దగ్గర ఇంక్లినేషన్ (అయస్కాంత క్షేత్రం నేలకి వాలే కోణం) 40 డిగ్రీల చుట్టుపక్కల, టాస్మానియాలో 70 దాటుతుంది, ఖండం మొత్తానికి ఒకే నంబరు పెడితే కుదరదు. చోటును బట్టి ఇంక్లినేషన్ మార్చి చేసిన గ్రిడ్ వాళ్ళే ఇస్తారు, అది వాడండి

మట్టివాసన:
ఆ, పాత మ్యాపు ఏదైనా మీద వేస్తుంటే డేటమ్ (అక్షాంశ రేఖాంశాల లెక్కకి ఆధారం) కూడా చూస్కోండి, పాత ఏజీడీ66 డేటమ్ నుంచి జీడీఏ94కి దాదాపు 200 మీటర్లు ఈశాన్యానికి జరుగుద్ది

రాయిపిచ్చి:
అప్‌డేట్. సర్వేల హద్దుల లేయర్ తెచ్చి పైన వేశా. నా గీతలో మూడొంతులు అచ్చంగా రెండు సర్వేల మధ్య కుట్టే, మాట్లాడ్డానికి లేదు. కానీ పడమటి చివర ముక్క ఒకటి హద్దు దాటి దట్టమైన సర్వే లోపలికి పోయింది, ఆ రిడక్షన్ టు పోల్ గ్రిడ్‌లో కూడా ఉంది, అక్కడ రెండు మూడు డైకులు ఆ గీత దగ్గర తెగి పక్కకి జరిగినట్టు కనిపిస్తున్నాయి. గ్రావిటీలో చూద్దామంటే అక్కడ స్టేషన్లు 11 కిలోమీటర్లకొకటి, ఏం తేలదు.

గ్రిడ్‌గోల:
డైకులు జరిగాయా? ఎంత దూరం, ఎటు వైపు? గ్రిడ్ పక్కన పెట్టి ఆ సర్వే లైన్ డేటా దించు, ప్రొఫైల్స్ (లైను వెంబడి కొలతల గ్రాఫులు) పెట్టు ఇక్కడ. ఆ పాత మెయిల్ డిలీట్ చెయ్యకు