అమెరికాలో బీఎస్‌కి అప్లికేషన్ ఫీజు లేని మంచి కాలేజీలు ఉన్నాయా? చెల్లి కోసం అడుగుతున్నా

పల్నాడు_అన్నయ్య:
అందరికీ నమస్తే. మా చెల్లి ఇంటర్ సెకండ్ ఇయర్, ఎంపీసీ. టెన్త్ దాకా జడ్పీ హైస్కూల్లోనే చదివింది, ఫిజిక్స్ అంటే ప్రాణం. అమెరికాలో పూర్తి స్కాలర్‌షిప్ మీద డిగ్రీ చేయాలని పట్టు పట్టింది, నాకూ పంపాలనే ఉంది. నాన్నది చిన్న బైక్ మెకానిక్ షాపు. ఒక్కో కాలేజీకి అప్లికేషన్ ఫీజే 75, 80 డాలర్లు అంటున్నారు, పది చోట్ల వేస్తే సీటు సంగతి తేలకముందే 65, 70 వేలు అయిపోతాయి. విజయవాడలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫీజు మేం మాఫీ చేయిస్తాం అని లిస్టు చేతిలో పెట్టారు కానీ, చెల్లి రాసుకున్న కాలేజీ అందులో ఒక్కటీ లేదు. అసలు ఫీజు తీసుకోని మంచి కాలేజీలు ఎలా వెతకాలి?

మిడ్‌వెస్ట్_తెలుగమ్మాయి:
ఉన్నాయి అన్నా, ఏవో మూలనున్న కాలేజీలు కూడా కాదు. గ్రినెల్, కార్ల్‌టన్, కెన్యన్, రీడ్, కోల్బీ ఇవన్నీ అప్లికేషన్ ఫీజు అడగవు. అమ్మాయి కాబట్టి వెల్స్‌లీ, స్మిత్, మౌంట్ హోల్యోక్ తప్పకుండా చూడండి, మూడూ మహిళా కాలేజీలు, మూడింటికీ ఫీజు లేదు, పైగా సీటు ఇచ్చిన విదేశీ విద్యార్థులకు ఇంటి స్తోమత చూసి దానికి తగ్గట్టు సాయం చేస్తాయి. మన వాళ్లకు ఈ పేర్లు పెద్దగా తెలియవు, బంధువులు "అదేం కాలేజీ" అంటారు, పట్టించుకోకండి.

వెతకడానికి, ఒకే ఫారంతో చాలా అమెరికా కాలేజీలకు అప్లై చేసుకునే కామన్ యాప్ సైట్‌లో కాలేజ్ సెర్చ్ ఉంది, అందులో ఫీజు లేనివి మాత్రమే చూపించమని పెట్టుకోవచ్చు. అయితే అక్కడితో ఆగకండి. అదే సైట్‌లో అన్ని కాలేజీల వివరాలతో ఒక పెద్ద పట్టిక దొరుకుతుంది, అందులో అమెరికా వాళ్లకు ఎంత, బయటి దేశాల వాళ్లకు ఎంత అని ఫీజు రెండు గళ్లలో ఉంటుంది. ఒక గడిలో సున్నా ఉండి పక్క గడిలో డాలర్లు ఉండొచ్చు. రెండో గడి చూసి లిస్టు రాసుకోండి.

ఫీజు_కాదు_ఎయిడ్_చూడండి:
పై అమ్మాయి చెప్పింది నిజమే, కానీ నా మాట గట్టిగానే చెప్తా, ఫీజు లేదు కదా అని కాలేజీని ఎంచుకోకండి. అప్లికేషన్‌కి 80 డాలర్లు మిగుల్చుకుని, తీరా సీటు వచ్చాక ఏడాదికి 50 వేల డాలర్లు కట్టమంటే మీ నాన్నగారు ఏం చేస్తారు? ముందు విదేశీయులకు పూర్తి అవసరం మేరకు సాయం చేసేవి ఏవో చూడాలి, తర్వాతే ఫీజు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్ లాంటివి డబ్బు అడిగారన్న కారణంతో విదేశీ విద్యార్థిని పక్కన పెట్టవు. వీటిలో ఫీజు ఉన్నా మాఫీ అడగవచ్చు. కామన్ యాప్‌లో ప్రొఫైల్ పేజీలోనే ఫీజు మాఫీ ప్రశ్న ఉంటుంది, ఇంటి ఆదాయం తక్కువని అక్కడ నిజం చెప్పి సంతకం చేస్తే చాలాచోట్ల సరిపోతుంది. బయటి దేశాల వాళ్లకు అది ఒప్పుకోని కాలేజీ అయితే అడ్మిషన్స్ ఆఫీసుకి నాలుగు లైన్ల మెయిల్ రాయండి: ఏ ఊరు, నాన్న ఏం చేస్తారు, ఈ ఫీజు మా ఇంట్లో ఎన్ని రోజుల సంపాదన. బతిమాలక్కర్లేదు. ఎంఐటీకి సొంత పోర్టల్, ఫీజు 75 డాలర్లు, అక్కడ కూడా మాఫీ ఉంది.

ఇంకో ఖర్చు ఎవరూ చెప్పరు. సాయం కోసం చాలా కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ (ఇంటి ఆదాయం, ఆస్తుల వివరాలు నింపే ఆన్‌లైన్ ఫారం) అడుగుతాయి, మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆ తర్వాత ఒక్కోదానికి 16. అంటే "ఫీజు లేని" ఆరు కాలేజీలకు వేసినా వంద డాలర్లు దాటుతుంది. మాఫీ కోడ్ ఉందా, లేకపోతే దాని బదులు ఆ కాలేజీ సొంత ఫారం నింపొచ్చా అని కాలేజీనే అడగండి.

ఇక కన్సల్టెన్సీ సంగతి. వాళ్లలో చాలామందికి కమిషన్ ఇచ్చే కాలేజీలు వేరే ఉంటాయి, వాటికే ఫీజు మాఫీ చేయించగలరు. మీ చెల్లి రాసుకున్న లిస్టే పట్టుకోండి.

పల్నాడు_అన్నయ్య:
చాలా థ్యాంక్స్. కామన్ యాప్ తెరిచి చూస్తే కౌన్సెలర్ ఈమెయిల్ అడుగుతోంది. చెల్లి జూనియర్ కాలేజీలో కౌన్సెలర్ అనే మనిషే లేరు.

మిడ్‌వెస్ట్_తెలుగమ్మాయి:
ప్రిన్సిపాల్ సార్ పేరు పెట్టండి అన్నా, ఇబ్బంది లేదు. కాలేజీ పేరుతో మెయిల్ ఐడీ ఉంటే అదే ఇవ్వండి. ఆయనకు లింకు వెళ్తుంది, స్కూల్ రిపోర్టు, మార్కులు ఆయనే అప్‌లోడ్ చేయాలి. ఎంసెట్ హడావిడిలో ఉండే సార్‌కి ఇదంతా కొత్త, కాబట్టి మెయిల్ పంపి వదిలేయకుండా ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి పక్కన కూర్చుని చేయించండి. తొమ్మిదో తరగతి నుంచి మార్కులు కావాలి, ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. టెన్త్, ఇంటర్‌కి మెమోలున్నాయి, తొమ్మిదికి ఏముంటుంది? జడ్పీ హైస్కూల్ హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లి రికార్డులో ఉన్న మార్కులు లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాయించి, సంతకం, స్టాంపు వేయించుకోండి. దసరా సెలవుల ముందే చేసేయండి.

కెంటకీ_నుంచి:
ఆలస్యంగా చూశాను. బెరియా కాలేజీ పేరు ఎవరూ చెప్పలేదే! ఇక్కడ కెంటకీలో ఉంది, 1892 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు, అప్లికేషన్‌కీ ఏమీ కట్టక్కర్లేదు. డబ్బు లేని ఇళ్ల పిల్లల కోసమే నడుస్తున్న కాలేజీ. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు క్యాంపస్‌లో పని చేయాలి. బయటి దేశాల వాళ్లకు సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది, అయినా మీ ఇంటి పరిస్థితికి ఇదే మొదట వేయమంటాను.

హైదరాబాద్‌లో ఎడ్యుకేషన్‌యూఎస్ఏ సెంటర్‌ ఉంది, అమెరికా ప్రభుత్వ నెట్‌వర్క్‌లోది, సలహాకి పైసా తీసుకోరు, చెల్లితోనే నేరుగా మాట్లాడించండి. ఎంత మాఫీ దొరికినా సీటు వచ్చాక వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డు కోసం అమెరికా ప్రభుత్వం తీసుకునేది) 350 డాలర్లు ఎలాగూ కట్టాలి, ఆ డబ్బు ఇప్పటి నుంచే విడిగా పెట్టుకోండి.