‘సా ఒల్’ అనడం మర్యాదేనా? టర్కిష్ చీటీ మీద ఒక గొడవ

చీటీ_రాస్తున్నా: ఇస్తాంబుల్ వెళ్ళే మన పిల్లల కోసం ఒక పేజీ చీటీ తయారు చేస్తున్నాను. ఎవరైనా సాయం చేస్తే ‘టెషెక్కూర్ ఎడెరిమ్’ (ధన్యవాదాలు) ఒక్కటి చాలని కొందరంటున్నారు, ‘సా ఒల్’ కూడా చేర్చమని ఇంకొందరు. చేర్చనా, వద్దా?

నరసాపురం_నాయుడు: వద్దు. ‘సా ఒల్’ అంటే అక్షరాలా ‘ఆరోగ్యంగా ఉండు’. ఏకవచనం. స్నేహితుడితో అయితే సరే, ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని నువ్వు అన్నట్టు ఉంటుంది. ముందు మీ రాత దిద్దుకోండి. అది ‘తెషెక్క్యుర్ ఎదెరిమ్’. టర్కిష్ త, ద మన త, ద లాంటివే, నాలుక పళ్ళకి తగలాలి. ఇంగ్లీషు అక్షరాలు చూసి ట, డ రాసుకుంటే పుట్టుకతో వచ్చిన సొత్తు పారేసుకోవడమే. క్క ఒత్తి పలకాలి, ఎ హ్రస్వం.

పాతబస్తీ_చాయ్: నాయుడుగారూ, ఏకవచనమే ఇబ్బందైతే ‘సా ఒలున్’ అంటే పోలా? చివర ‘ఉన్’ చేరితే ‘ఉండండి’ అయిపోతుంది. కూరగాయల కొట్లో, బస్సులో, మందుల షాపులో వినపడేది అదే. అక్కడి సైన్యంలో కమాండర్ ‘మెర్హబా అస్కెర్’ (నమస్తే జవాన్) అంటే జవాన్లంతా ఒక్క గొంతుతో ‘సా ఒల్’ అని అరుస్తారు. అమర్యాదైతే పై అధికారి మొహం మీద అలా అంటారా?

గోదారి_గట్టు: మన షుక్రియా, ఈ తెషెక్క్యుర్ చుట్టాలా?

పాతబస్తీ_చాయ్: ఒకే అరబీ ధాతువు. హైదరాబాదులో వినే ‘జహ్మత్’ కూడా అక్కడ ‘జహ్మెత్’. మనకోసం ఎవరైనా కష్టపడితే ‘జహ్మెత్ వెర్దిక్’ అంటారు, అచ్చం మన ‘మీకు శ్రమ ఇచ్చాం’. అవతలివాళ్ళు ‘నె జహ్మెతి’ అంటారు, శ్రమేముందండీ అని.

నరసాపురం_నాయుడు: కవాతు కేక కవాతుకే. దాన్ని బ్యాంకు కౌంటర్‌కి తేవద్దు. ఇంకో చిక్కుంది. టీ ఇవ్వబోతే ఒట్టి ‘సా ఒలున్’ అంటే వద్దన్నట్టే లెక్క. పిల్లలు థాంక్స్ చెప్పామనుకుంటారు, గ్లాసు వెనక్కి వెళ్ళిపోతుంది.

పాతబస్తీ_చాయ్: ఒట్టి ‘తెషెక్క్యుర్ ఎదెరిమ్’ అన్నా వెనక్కే వెళ్తుంది. ఆ చిక్కు మీ మాటకీ ఉంది! కావాలంటే ముందు ‘ఒలుర్’, సరే అనాలి. (తాగడం అయ్యాక చెంచా గ్లాసు మూతి మీద అడ్డంగా పెడితే ఇక చాలని. పెట్టకపోతే పోస్తూనే ఉంటారు.)

అజ్ఞాత_పాఠకుడు: థాంక్స్‌కి జవాబు కూడా రాయండి, ‘రిజా ఎదెరిమ్’, పరవాలేదండీ అని. రాతలో జ బదులు ‘సి’ అక్షరం ఉంటుంది, ‘రికా’ అని చదివేస్తారు.

నరసాపురం_నాయుడు: ‘తెషెక్క్యుర్’ ముందు ‘సిజె’ అని కూడా వేయండి, ‘మీకు’ అని. ‘సిజి’ అంటే ‘మిమ్మల్ని’, తప్పు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడే బోల్తా కొడతారు. తెలుగులో ఆలోచిస్తే తప్పు రాదు, మనమూ మీకే కృతజ్ఞతలు చెబుతాం.

పాతబస్తీ_చాయ్: విభక్తులు సరే. అసలు టర్కిష్‌లో మెప్పు ఏ పనికి ఆ పనిని పట్టుకుంటుంది. వండిపెట్టినవాళ్ళకి ‘ఎలినిజె సాలిక్’, మీ చేతికి ఆరోగ్యం. దానికి జవాబు ‘ఆఫియెత్ ఒల్సున్’, తిన్నది ఒంటికి పట్టాలని. బాగా పాడినా మాట్లాడినా నోటికి ఆరోగ్యం, మనింటికి వస్తే పాదానికి. భోజనం డబ్బు ఒకరే కడితే ‘కెసెనిజె బెరెకెత్’, మీ డబ్బు సంచీకి బరకత్, సమృద్ధి. విందు నుంచి లేచేటప్పుడు ‘జియాదె ఒల్సున్’, ఇంకా పెరగాలని. మంచినీళ్ళు ఇచ్చిన మనిషితో ‘సు గిబి అజీజ్ ఒల్’ అంటారు, నీళ్ళంత విలువగా ఉండు అని. చేతులు కాలుతూ వండినావిడకీ, రసీదు ఇచ్చిన గుమాస్తాకీ ఒకే ‘తెషెక్క్యుర్’ పడేస్తే తప్పు కాదు గానీ ఆవిడకి చప్పగా ఉంటుంది.

నరసాపురం_నాయుడు: రెండు నెలలు ఉండివచ్చే పిల్లలకి ఇంత నాటకం దేనికి? రేపు ‘అల్లా రాజీ ఒల్సున్’ (అల్లా మీ పట్ల సంతృప్తిగా ఉండాలి) కూడా నేర్పమంటారు.

పాతబస్తీ_చాయ్: అది పెద్ద మేలుకి అనే మాట, తలుపు పట్టుకున్నందుకు కాదు. నేర్పమని నేను అన్నానా? మీరు ప్రతి చర్చలోనూ అంతే, మా ఒత్తులు లెక్కపెట్టడం, అనని మాట అంటగట్టడం. ‘ఒలున్’ బహువచనమని చెప్పి నాలుగు పోస్టులైంది. ఇంకా ఏం గుచ్చుకుంటోంది మీకు?

నరసాపురం_నాయుడు: చెబుతా వినండి. గుచ్చుకునేది వచనం కాదు. ‘చల్లగా ఉండు’ అనే మాట పెద్దల నోట రావాలి, పిల్లలు దణ్ణం పెట్టాలి. మనకి దీవెన పైనుంచి కిందకే. ఇరవై ఏళ్ళ కుర్రాడు డెబ్బై ఏళ్ళ ముసలావిణ్ణి పట్టుకుని ‘ఆరోగ్యంగా ఉండండి’ అని దీవించడమేంటి? ఎన్ని ‘అండి’లు చేర్చినా నాకు మింగుడుపడదు.

పాతబస్తీ_చాయ్: ఇది మొదటే అనుంటే ఇంత రాసేవాణ్ణి కాదు. అక్కడ దీవెనకి ఆ ఏటవాలు లేదు. కోడలు అత్తతో అంటుంది ‘చేతికి ఆరోగ్యం’ అని, పిల్లాడు తల్లితో అంటాడు. దానితో ఎవరూ పెద్దరికం తీసుకోరు. గౌరవం చూపించాలంటే పక్కన ‘తెయ్‌జె’ చేర్చాలి. అసలు అర్థం అమ్మ చెల్లో అక్కో, పిలుపులో మన ‘పిన్నిగారూ’ అనుకోండి.

నరసాపురం_నాయుడు: తెయ్‌జెతో అయితే ఆలోచిస్తా. ఒట్టి ‘సా ఒల్’ మాత్రం చీటీలో వద్దు.

చీటీ_రాస్తున్నా: ‘సా ఒలున్’, ‘ఎలినిజె సాలిక్ తెయ్‌జె’ రాసుకున్నాను. పక్కింటి తెయ్‌జె గిన్నెలో ఏదన్నా వండి పంపితే, గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఏమనాలి?

గోదారి_గట్టు: మాట సంగతి తర్వాత, గిన్నెలో ఏదన్నా పెట్టి ఇమ్మనండి. ఖాళీ గిన్నె అక్కడా తిరిగివ్వరు.

నరసాపురం_నాయుడు: అంతా బానే ఉంది, చీటీలో ‘ఎడెరిమ్’ దిద్దారా లేదా?