అప్‌డేట్: టొరంటోలో పదకొండు నెలల పాపకు లైసెన్సున్న డేకేర్ దొరికింది

మా పాపకు లైసెన్సున్న డేకేర్ దొరకడం లేదనీ, దొరికినా ఖర్చు భరించగలమా అనీ మార్చిలో ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పాప ఈ సోమవారం నుంచి వెళ్తోంది.

సెంటర్లతో ఆగిపోకుండా లైసెన్సున్న హోమ్ చైల్డ్‌కేర్ ఏజెన్సీలకు (తమ ఇళ్లలోనే పిల్లల్ని చూసుకునేవారిని చూపించే సంస్థలు) ఫోన్ చేయమన్న సలహాయే ఫలించింది. పద్దెనిమిది నెలల లోపు పిల్లలు పదిమందికి ముగ్గురు సిబ్బంది ఉండాలన్న నిబంధన వల్ల సెంటర్లలో ఆ వయసు సీట్లే తక్కువ. మేము పేరు రాయించిన తొమ్మిది చోట్ల నుంచీ ఇప్పటికీ పిలుపు రాలేదు. ఏజెన్సీ చూపిన ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. చూడటానికి వెళ్లిన రోజు గుమ్మం పక్కన నాలుగు జతల బుల్లి బూట్లు వరుసగా ఉన్నాయి. ఏజెన్సీ వారు చెప్పాపెట్టకుండా వచ్చి చేసిన తనిఖీల ఫైలును ఆ ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆవిడే తెరిచి చూపించారు. ఆవిడకు తెలుగు రాదు గానీ, మూడు రోజుల్లోనే "పాలు", "బజ్జో" నేర్చుకున్నారు. తెలుగువారి కోసమే వెతుకుతూ నేను రెండు నెలలు వృథా చేశాను.

ఆవిడ ప్రభుత్వ ఫీజు తగ్గింపు పథకంలో చేరి ఉన్నందున, 2025 జనవరి నుంచి టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో అమల్లో ఉన్న పరిమితి ప్రకారం రోజుకు 22 డాలర్లకు మించి తీసుకోరు. లైసెన్సున్నంత మాత్రాన ఈ ధర వర్తించదు కాబట్టి, పథకంలో చేరారా అని విడిగా అడగాలి. నగరపాలక సంస్థ సబ్సిడీకీ దరఖాస్తు చేశాము, ఇంకా వరుసలోనే ఉన్నాము.

వెయిటింగ్ లిస్టు కోసం ఒక సెంటర్‌కు కట్టిన 150 డాలర్లు పూర్తిగా అనవసరం. 2016 సెప్టెంబరు నుంచి ఒంటారియోలో అలా వసూలు చేయడం నిషిద్ధమని ఇక్కడ ఒకరు చెప్పాక అడిగితే, మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చేశారు.