కోడ్ రాసేవాళ్లకు జీతం, మాట చేరవేసేవాళ్లకు థాంక్స్: ఇది సరేనా?

సమన్వయకర్త:
శరణార్థుల కోసం అనువాద యాప్ నడిపే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. శరణార్థి గానీ, వాళ్లకు సాయం చేసే లాయరో నర్సో గానీ యాప్‌లో భాష ఎంచుకుని నొక్కితే, ఆ భాష వచ్చినవాళ్ల ఫోన్లన్నీ ఒకేసారి మోగుతాయి. ముందు ఎవరు ఎత్తితే వాళ్లకే కాల్. అనువాదకులంతా వలంటీర్లు. డెవలపర్లకూ నాకూ మాత్రం నెల తిరిగేసరికి జీతం పడుతుంది.

పోయిన నెల అఫ్గానిస్థాన్‌లో మాట్లాడే దారీ భాష అనువాదకురాలు ఒకరు నాకు మెసేజ్ పెట్టారు: "మూడు గంటల కాల్ చేశాను. తర్వాత రెండు రోజులు పనికి వెళ్లలేకపోయాను. సర్వర్ బిల్లుకు డబ్బుంటుంది, నాకెందుకుండదు?" ఏం చెప్పాలో తోచలేదు. ఆశ్రయం ఇంటర్వ్యూలు (శరణార్థిగా ఉండనివ్వాలా వద్దా అని అధికారులు అడిగేవి), ఆసుపత్రి కాల్స్ లాంటి బరువైన వాటికైనా డబ్బివ్వాలా? ఇవ్వడం మొదలుపెడితే సేవే మూతపడుతుందా?

సర్వర్_కాపలా:
నేనూ ఇలాంటి యాప్‌కే కోడ్ రాస్తాను, తిట్టేవాళ్లు తిట్టొచ్చు. నా ఓటు డబ్బు వద్దనే. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు జనం సాయం కోరుతూ 4636 నంబర్‌కు క్రియోల్ భాషలో ఎస్సెమ్మెస్‌లు పంపారు. వాటిని ఇంగ్లిష్‌లోకి మార్చింది ఎక్కడెక్కడో స్థిరపడ్డ హైతీ వాళ్లు, పైసా తీసుకోకుండా. రేటెంత, ఒప్పందం ఎవరితో, బ్యాంకు ఖాతా ఏది అని కూర్చుని ఉంటే శిథిలాల కింద ఉన్నవాళ్ల సంగతేమయ్యేది?

పాత_వలంటీర్:
కథ సగంలో ఆపేశారు. అదే 4636 పని తర్వాత హైతీలోనే మిరెబలే అనే ఊళ్లో జీతమిచ్చి పెట్టుకున్న మనుషుల చేతికి వెళ్లింది. ఇల్లు తగలబడుతున్నప్పుడు బిందె పట్టుకుని ఎవరైనా పరిగెత్తుతారు. ఏడాది తర్వాత కూడా అదే మనిషి రోజూ వచ్చి నీళ్లు మోయాలంటే ఎలా? మీ యాప్‌లో కాల్స్ ఎన్నేళ్లుగా వస్తున్నాయో చూసుకోండి సమన్వయకర్త గారూ. ఎమర్జెన్సీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

రాత్రి_దారీ:
ఆ మెసేజ్ పెట్టింది నేనే. డబ్బు కోసం ఏడుస్తున్నానని అనుకోకండి, అసలు పనేమిటో చెబుతాను.

ఒకాయన తన వాంగ్మూలాన్ని ముందే ఎవరితోనో మెషీన్‌లో ఇంగ్లిష్ చేయించుకున్నాడు. అందులో "మా అమ్మను పట్టుకుపోయారు" అని ఉంది. నాతో కాల్‌లోనేమో అమ్మ క్షేమంగా ఉందంటాడు. లాయర్ గొంతు మారిపోయింది. నేను అసలు కాగితం ఫొటో పంపమన్నాను. అక్కడ రాసి ఉన్నది "మామా". దారీలో మామా అంటే అచ్చం మన మేనమామే! తెలుగు వచ్చినందుకు నాకా మాట ఎప్పుడూ ముద్దుగానే ఉంటుంది, ఆ రోజు మాత్రం చేతులు వణికాయి. ఆ కాగితం అలాగే వెళ్లి ఉంటే అధికారి అబద్ధమనే రాసుకునేవాడు. తేదీలదీ అదే గొడవ. వాళ్ల క్యాలెండర్‌లో 24 అసద్ 1400 అంటే మన 2021 ఆగస్టు 15, కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కిన రోజు. ఒక్క రోజు అటూ ఇటూ లెక్కగట్టినా మనిషి మాట మార్చాడనే అంటారు.

సర్వర్_కాపలా:
మీ పనిని తక్కువ చేయట్లేదండి. కానీ డబ్బిస్తే మామ అమ్మ కాకుండా ఉంటాడా? దానికి కావాల్సింది పరీక్ష, జీతం కాదు. ఇంకో మాట. అమెరికాలో 2023 సెప్టెంబర్ 13 నుంచి, ఇంగ్లిష్ రానివాళ్లు ఆశ్రయం ఆఫీసు ఇంటర్వ్యూకు ఇంటర్‌ప్రెటర్‌ను తామే వెంటబెట్టుకు రావాలి. డబ్బు మాట ఎత్తితే వాళ్లు పక్కింటి కుర్రాణ్ణి తెచ్చుకుంటారు.

పాత_వలంటీర్:
డబ్బు శరణార్థి ఇవ్వాలని ఇక్కడ ఎవరన్నారు? ఇవ్వాల్సింది సంస్థ. పరీక్ష పెట్టండి, మంచిదే. నేను ఊరికే చేసిన రోజుల్లో ఒకసారి కాల్ మధ్యలో నాకు టెన్షన్ తట్టుకోలేక కట్ చేసేశాను. ఎవరూ ఏమీ అనలేదు. ఎలా అంటారు, ఊరికే చేసేవాణ్ణి? అవతల నర్సు పక్కన ఒక గర్భిణి ఉంది. నాకు జీతమే ఉంటే అడిగే హక్కు మీకుండేది, అంతకుముందు ట్రైనింగ్ ఇచ్చే బాధ్యతా ఉండేది.

కొత్తగా_వచ్చా:
ఒక్క విషయం. నాకే ఇంకా ఆశ్రయం ఖరారు కాలేదు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం దరఖాస్తుదారుణ్ణి కొన్ని నెలల దాకా పనిలో చేరనివ్వకుండా ఆపొచ్చు. ఆ గడువులో మీరు డబ్బిస్తే నా కేసుకే ఎసరు. వలంటీర్‌గా అయితే చేయగలను, చేస్తున్నాను కూడా. ఆ దారి మూసేయకండి.

సమన్వయకర్త:
ఇది నాకు తట్టనే లేదు. అయితే నేను అనుకుంటున్నది ఇదీ: ఆశ్రయం, ఆసుపత్రి, కోర్టు కాల్స్ పరీక్ష పాసైనవాళ్లకే, గంటల లెక్కన డబ్బుతో. పని అనుమతి లేనివాళ్లు కావాలంటే అద్దె ఫారాలు, స్కూలు ఉత్తరాలు లాంటి తేలిక పనులు చేస్తారు. దాతలు "ప్రోడక్ట్" అంటేనే డబ్బిస్తారు, మనుషుల గంటలంటే ముఖం తిప్పుకుంటారు. అందుకే వచ్చే ఏడాది రెండు కొత్త ఫీచర్లు ఆపేసి ఆ డబ్బు ఇటు మళ్లించమని బోర్డుకు రాస్తాను. డెవలపర్లు నన్ను తిడతారని తెలుసు.

సర్వర్_కాపలా:
తిడతాను. కానీ ఆపేసేది చాట్‌బాట్ అయితే తిట్టను.

రాత్రి_దారీ:
బోర్డు ఎప్పుడు తేలుస్తుందో గానీ, ఈ వారమే చేయగలిగింది ఒకటుంది. కాల్ ఎత్తకముందే అది దేని గురించో, ఎంతసేపు పట్టొచ్చో తెరమీద చూపించండి. నిన్న బస్సులో నిలబడి ఎత్తాను, అద్దె ఫారం ఏదైనా అయ్యుంటుందని. అవతల ఒకామె జైల్లో తనను ఏం చేశారో చెప్పడం మొదలుపెట్టింది.