డర్ట్ బైక్ బిగించుడు: స్టార్ట్ చేసే ముందు ఏం చూడాలె?

ప్రశ్న (దేవరకొండ): తమ్ముడు నేర్చుకునేటందుకు 125 సీసీ ఫోర్ స్ట్రోక్ డర్ట్ బైక్ (మట్టి దారులల్ల తోలే బండి) పెట్టెల వచ్చింది. ముందు చక్రం, హ్యాండిల్ విడిగున్నయి. బిగిస్తే సరిపోతదా అన్నా?

జవాబు: అప్పుడే కిక్ కొట్టకు తమ్మీ. ఇంజన్ల ఆయిల్ లేకుండనే రావచ్చు, గేజ్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి చూడు. 10డబ్ల్యూ-40 (ఇది ఆయిల్ చిక్కదనం గుర్తు) బైక్ ఆయిలే పొయ్యి. కారుది పోస్తే క్లచ్ జారొచ్చు. ముందు చక్రం యాక్సిల్ (ఇరుసు) గట్టిగ బిగించకముందే బ్రేక్ పట్టి ఫోర్కును (ముందు చక్రాన్ని పట్టే స్ప్రింగు కాళ్లను) నాలుగుసార్లు నొక్కు. లేకుంటే ఫోర్కు వంకరగ కూసుండి పట్టేస్తది.

జవాబు: చైన్ మధ్యల 30 మిల్లీమీటర్లు ఆడాలె, మనిషి కూసున్నంక బిర్రుగ కావద్దు. మొదటి రైడ్ అయినంక స్పోకులు, నట్లు మల్ల చూడు.

జవాబు (మహబూబ్‌నగర్): మన చల్క దుమ్ముకు ఇంజన్‌కు పోయే గాలిని వడకట్టే ఫోమ్ ఫిల్టరే ప్రాణం. సబ్బునీళ్లతో కడిగి, ఆరినంక ఫిల్టర్ ఆయిల్ పట్టియ్యి. పొడిగ పెడితే దుమ్ము లోపలికి పోయి పిస్టన్ రింగులు అరుగుతయి.

ప్రశ్న అడిగినాయన: గేజ్ చూసిన అన్నా, చుక్క లేదు!